నవ్వని ఫొటో

పోయిన మంగళవారం పొద్దున్నే, పిన్ని ఇక లేదని చిన్నాన్న గోడ మీంచి చెప్పాడు. పలాసలో మా రెండిళ్ళకూ మధ్య ఆ ఒక్క గోడే. గుండె నొప్పి వచ్చిందట, ఆటో ఆసుపత్రికి చేరలేదట. అమ్మ చేతిలో చాట పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

మాకు ఆమె చుట్టం కాదు, పక్కింటి మనిషి. టెక్కలిలో ఒక ఆసుపత్రిలో ప్రభుత్వ ఆరోగ్య పథకం డెస్కు చూసేది. పిల్లలకు పెద్ద వైద్యం ఏది కావాలన్నా ముందుగా పైనుంచి అనుమతి రావాలి. రిపోర్టులు, కార్డు, బిడ్డ ఫొటో కంప్యూటర్లో పంపితే, ఎక్కడో కూర్చున్న డాక్టరు చూసి ఒప్పుకోవాలి. ఉద్దానం ఊళ్ళ తల్లులు ఆమెను అప్రూవలమ్మ అనేవారు.

ఆ డాక్టరు అడిగే ప్రశ్నలు ఇంగ్లీషులో వచ్చేవి. పిన్ని వాటిని ఫోన్‌లో ఇంటికి తెచ్చి, కాన్వెంటులో చదువుతున్న నా ముందు పెట్టేది.

"ఏటంటన్నాడే ఈ మహానుబావుడు? గట్టిగా సదువు. నోట్లో ముత్యాలేటైనా రాలిపోతాయేటి?"

ఇంటికి ఎవరైనా వస్తే తలుపు వెనక్కి పోయే పిల్లను నేను. ఇవాళ నలుగురిలో నోరు విప్పగలుగుతున్నానంటే ఆ ప్రశ్నలు పైకి చదివినందువల్లే.

ఒకసారి జలంత్రకోట నుంచి గుండెలో రంధ్రం ఉన్న బాబును తెచ్చారు. ఫొటో అనగానే తల్లి కొత్త చొక్కా తొడిగి, పౌడరు రాసి, చుక్క పెట్టింది. వాడు పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. ఫైలు వెనక్కి వచ్చింది. ఒక రిపోర్టు తక్కువైందని నేనే చదివి చెప్పాను. పిన్ని నమ్మలేదు.

"కాగితం కాదే. అలగ నవ్వీ బిడ్డకి రోగమేటని అనుకున్నాడు."

అప్పటినుంచి ఫొటోకు ముందు పిల్లల పౌడరు కొంగుతో తుడిచేది. రెండు వేళ్ళతో పెదాల చివరలు కిందికి నొక్కేది. "ఒక్క నిమిషం నవ్వకురా నాయినా. తరవాత బతుకంతా నవ్వుదువు గాని."

మా చెల్లికి పుట్టుకతో వినపడదు. చెవిలో మిషన్ పెట్టే ఆపరేషన్‌కు పథకంలో వయసు హద్దు ఉంది. ఆ ఏడాది దాని పుట్టినరోజు లోపలే అనుమతి రావాలి. అమ్మ కాగితాలన్నీ పిన్ని చేతిలో పెట్టింది. రెండు రోజులకే గోడ మీంచి పిన్ని గొంతు వినిపించింది.

"పంపించీసేనప్పా. ఇంక నీ పిల్ల అన్నీ వినేత్తాది, నీ తిట్లతో సహా."

అమ్మ అంత గట్టిగా నవ్వడం నేను మళ్ళీ వినలేదు. రోజూ జీడిపప్పు ఫ్యాక్టరీ నుంచి రాగానే అనుమతి వచ్చిందా అని అడిగేది. "వచ్చేత్తాదప్పా," అనేది పిన్ని. పుట్టినరోజు వెళ్ళిపోయింది. వయసు దాటిందని జవాబొచ్చింది. అమ్మా పిన్నీ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. నేను ఏళ్ళ తరబడి ఆ కనబడని డాక్టరును ద్వేషించాను.

పిన్ని పోయిన మర్నాడు, సంస్మరణ కార్డుకు ఫొటో వెతకమని చిన్నాన్న ఆమె ఫోన్ ఇచ్చాడు. అందులో ఆమెది ఒక్కటీ లేదు. పిల్లలే. చెల్లివి పదకొండు. మొదటిది, కాగితాలు ఇచ్చిన రోజుది. చెల్లి నవ్వుతోంది. వారం తరవాత ఇంకొకటి, నవ్వే. గౌన్లు మారాయి, నవ్వు మారలేదు. ఎదురుగా పిన్ని ఉంటే అది నవ్వకుండా ఎలా ఉంటుంది? చివరిది పుట్టినరోజుకు రెండు రోజుల ముందుది. అందులో చెల్లి ఏడుస్తోంది. ఆ ఫొటో తీసిన సాయంత్రం దాని కాలి మీద గిల్లినట్టు ఎర్రటి గుర్తు చూశాను. చీమ కుట్టిందని పిన్ని నాకు చెప్పింది.

"అన్నాళ్ళూ పంపనే లేదా చిన్నాన్నా?"

ఆయన తల ఎత్తలేదు. "బయపడిపోనాదే. మీ పిల్ల ఫైలు మాత్రం ఎనక్కి రాకూడదంది. మీయమ్మకి సెప్పీమన్నాను. ఏ మొకం ఎట్టుకుని సెప్పనంది."

అందరి పిల్లల సంగతీ నాతో చదివించి, మా పిల్ల సంగతి నా దగ్గరే దాచింది. తప్పు నవ్వుది కాదని నేను చెప్పింది ఒక్కసారే, అదీ మెల్లగా. అయినా క్షమించానని రాయలేను. పిన్ని లేని ఇల్లు బాగుందనీ రాయలేను.

అమ్మకు ఇంకా చెప్పలేదు. చెల్లి బధిరుల బడిలో చదువుకుంటోంది. ఈ రాత అది కూడా చదువుతుంది. దాని నుంచి ఇంకేదీ దాచకూడదనే రాశాను.

కార్డుకు చివరికి ఆసుపత్రి గుర్తింపు కార్డులోని ఫొటోనే వాడారు. బిగించిన పెదాలు. దాన్నే పెద్దది చేసి పటం కట్టించారు. సంస్మరణ ప్రార్థన ముగిసి అందరూ లేస్తుంటే చెల్లి పటం దగ్గరికి వెళ్ళింది. రెండు వేళ్ళు అద్దం మీద, పిన్ని పెదాల చివరల దగ్గర ఆనించి, పైకి తోసింది.

ఆ వేలిముద్రలు అద్దం మీద ఇంకా ఉన్నాయి. చిన్నాన్న తుడవనివ్వడం లేదు.