చిన్న రైలు పెట్టెకు తాళం తీసిన మామ

మా మేనమామ పోయాడని నాన్న ఫోన్ చేసినప్పుడు నేను సూరత్ కతర్‌గామ్‌లో పిల్లలకు ఆన్‌లైన్ పాఠం చెబుతున్నాను. కరోనా రెండోసారి కమ్ముకున్న వేసవి అది. చివరిచూపుకు ఆసుపత్రివాళ్ళు అత్తను ఒక్కదాన్నే రానిచ్చారు, అదీ దూరం నుంచి.

మామ జగిత్యాల వైపు నుంచి నాన్నతో కలిసి మగ్గాల పనికి సూరత్ వచ్చాడు. ఆ చప్పుడు పడక ఏడాదికే మానేసి, బార్డోలీ అవతల చెరకు తోటల మధ్య నడిచే చిన్న రైలు లైన్‌లో పట్టాలు చూసుకునే గ్యాంగ్‌మన్‌గా చేరాడు. రైలు ఆగిపోయాక స్టేషన్‌లోని రెండు గదులను మ్యూజియం చేశారు. లాంతర్లు, అట్ట టికెట్లు, బయట ఒక పాత రైలు పెట్టె. కాపలా మామదే. లాంతర్లను తన భుజం మీది తువాలుతోనే తుడిచేవాడు. రైలు అంత మెల్లగా పోయేదా అని ఎవరైనా నవ్వితే, "ఉరికొచ్చెటోళ్లను ఇడిసిపెట్టొద్దని గట్ల పోతుండె" అనేవాడు.

మొదటి లాక్‌డౌన్‌లో ఒక మధ్యాహ్నం, సూరత్‌లోని వడోద్ నుంచి సొంతూళ్ళకు నడిచిపోతున్న మగ్గం పనివాళ్ళు కొందరు అక్కడ ఆగారు. వాళ్ళలో ఒకామె నిండు గర్భిణి. కాళ్ళు వాచి అడుగు పడటం లేదు. మామ నోట తెలుగు వినగానే ఆమె భర్త ఏడ్చేశాడట. మామ పెట్టె తాళం తీశాడు. మూడు రోజులు వాళ్ళు ఆ చెక్క బెంచీల మీదే ఉన్నారు. అత్త ఖిచిడీ వండి పంపింది. నాలుగో రోజు ఒక ఉల్లిగడ్డల లారీ డ్రైవర్‌ను బతిమాలి, మామ వాళ్ళను మహారాష్ట్రలోని ధూలే దాకా ఎక్కించాడు.

సంగతి తెలిసి మ్యూజియం కమిటీ పెద్దమనిషి వచ్చాడు. "ఇది మ్యూజియమా, ధర్మశాలా?" అని అరిచి తాళంచెవులు లాక్కున్నాడు. మామ కొలువు పోయింది. నాకు మామ మీదే కోపం వచ్చింది.

"ఒక్క మాట అడిగి తీస్తే అయిపోయేది కదా మామా!"

"అడుగుతె వద్దంటరని ఎర్కనే బిడ్డా. గామె కాళ్లు జూసినంక తాళం తియ్యకుంట ఎట్లుంట?"

కొన్నాళ్ళకు ఆమె భర్త ఫోన్ చేశాడు. ఊరు చేరారు, ఆడపిల్ల పుట్టింది. మామ ఆ మాట మా ఇంటికొచ్చి రెండుసార్లు చెప్పాడు.

వానాకాలంలో పెట్టె కప్పు కారసాగింది. అతుకులు ఎక్కడున్నాయో తెలిసినవాడు మామ ఒక్కడే. ఆ పెద్దమనిషే ఇంటికొచ్చి తాళంచెవులు చేతిలో పెట్టాడు. మామ చాయ్ తాగించి పంపాడే తప్ప పాత మాట ఎత్తలేదు.

ఆ చలికాలంలోనే మ్యూజియం దగ్గర ఆయన్ని చివరిసారి చూశాను. "పట్టాకు చెవి పెట్టు బిడ్డా" అని చెప్పి, సుత్తి పట్టుకుని రైలు పట్టా అవతలి కొస దాకా నడిచాడు. నేను వంగాను. ఇనుము చల్లగా తగిలింది. దూరంగా ఆయన చెయ్యి లేచి దిగింది. టంగుమని నా చెవిలోనే మోగింది.

"ఇనవడ్డదా?" మాస్కు కిందికి లాగి అక్కడినుంచే కేకేశాడు.

నేను తల ఎత్తకుండానే చెయ్యి ఊపాను.