ముప్పై శాతం సాగు

ఆ రోజుల్లో, అంటే మరీ ముత్తాతల కాలం కాదు, నేను డిప్లొమా ముగించి టెక్కలిలో మొదటి ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఏ వస్తువు చెడినా దానికి కారణం ఎవరో దానితో వచ్చిన పుస్తకం చదవకపోవడమేనని గట్టిగా నమ్మేవాణ్ణి. (ఓ పెళ్లి విందులో వడ్డన వరస సరిదిద్దబోయి అత్తయ్య చేత గరిటె చూపించుకున్నాను.) అలాంటివాడి చేతికి ముందూ వెనకా షాక్ అబ్జార్బర్లున్న కొండ సైకిలు వచ్చింది. ఇంకేముంది! ప్రతి బోల్టూ ఎంత బిగించాలో రాసుకున్నాను, గొలుసు లింకు లింకుకీ నూనె చుక్క వేశాను, నిద్ర మానేశాను. ఆదివారం టెక్కలి కుర్రాళ్లతో మొదటిసారి కొండ దిగాలి మరి. ఆ జట్టుకు పెద్ద, మేము కెప్టెన్ అని పిలిచే బావది ఒకటే షరతు: సాగ్ సరిగ్గా లేని బండిని కొండ ఎక్కనివ్వడు. సాగ్ అంటే మనిషి ఎక్కి కూర్చోగానే షాక్ కిందికి దిగే దిగుడు. అందులో గాలి ఎక్కువైతే దిగదు, తక్కువైతే కూలబడుతుంది.

శనివారం సైకిలుతో సహా సోంపేట దగ్గర మావయ్య ఇంట్లో ఉన్నాను. కొబ్బరి, జీడి తోటల మనిషి. నేను వాకిట్లో నిలబడి ఫోన్లో కెప్టెన్‌తో అంటున్నాను: "ఇప్పుడు పది శాతమే ఉంది బావా. ముప్పై శాతం సాగ్ చాలు కదా? నేనే దగ్గరుండి పెంచుతాను." వెనక అరుగు మీద మావయ్య లేచి నిలబడ్డాడు. కళ్లు మెరుస్తున్నాయి.

"ఓలమ్మీ, ఇన్నావేటి! అల్లుడు సాగు సేత్తాడంట!" అని అత్తయ్యను కేకేశాడు. నా భుజం పట్టుకుని, "ముప్పై శాతమేటిరా? మిగతాది బీడెట్టీమని ఏ కాలేజీలో సెప్పినార్రా నీకు?"

అరగంట పాటు షాక్ చూపించి, అది ఎంత దిగిందో తెలిపే రబ్బరు రింగు చూపించి, వ్యవసాయానికీ దీనికీ సంబంధం లేదని వివరించాను. అన్నిటికీ తలూపాడు. నేను కొంచెం గాలి వదిలి, రింగు సరిగ్గా ముప్పై దగ్గర నిలబెట్టి, విజయగర్వంతో స్నానానికి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి సైకిలు వెనకభాగం ఎండాకాలం గేదెలా చతికిలబడి ఉంది. పక్కనే మావయ్య, వాల్వు మీద వేలుతో.

"నూరు శాతం సేసీసినాను. గాలి తీత్తే పెరుగుద్దని నువ్వే కదేటి సూపించినావు?"

ఆ షాక్‌లో గాలి కొట్టే పంపు జట్టు మొత్తానికీ ఒక్కటే. అది టెక్కలిలో కెప్టెన్ దగ్గరుంది. మామూలు సైకిలు పంపు దానికి చాలదు. నా ముఖం చూసి మావయ్యకు సంగతి అర్థమైంది. మర్నాడు తెల్లారకముందే తన వ్యాన్‌లో కొబ్బరికాయలు పక్కకు నెట్టి, సైకిలును గోనెసంచుల మీద పసిబిడ్డలా పడుకోబెట్టి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, హైవే మీద టెక్కలి వైపు వ్యాన్ దూకించాడు.

కొండ కింద కెప్టెన్ చూసి, "ఇదేటి బావా, సైకిలు తెచ్చినావా, శవాన్ని తెచ్చినావా?" అంటూనే గాలి కొట్టాడు. రింగు చూశాం. ముప్పై! ఇక ఎక్కడం, దిగడం. రాళ్లు, గుంతలు, వేర్లు అన్నీ కాళ్ల కింద మెత్తగా కరిగిపోతుంటే నేను గొంతు చించుకుని అరుస్తూ దిగాను. భయమో సంతోషమో ఇప్పటికీ తెలీదు.

కింద మావయ్య పంచె ఎగ్గట్టి తయారుగా ఉన్నాడు. "ఒక్కపాలి ఎక్కనీరా." ఎక్కాడు. ఆ భారీ శరీరానికి బండి సగానికి దిగి, లేచి, మళ్లీ దిగింది. చదును నేల మీద ఊగుతూ, "ఇది సైకిలు కాదురా, ఉయ్యాల!" అని పగలబడి నవ్వుతున్నాడు. వెనకాలే నేను, "మావయ్యా, దిగండి! మీ బరువుకి వేరే సెట్టింగు!" అని పరిగెత్తుతున్నాను.

ఆ పరిగెత్తిన కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. కాస్త ఆగి మావయ్య ముఖంలో ఆ సంబరం చూసి ఉండాల్సింది, ఆ వెర్రి కుర్రాడు.