ఖైరున్నీసా మేడం, లచ్చవ్వ ఓటు

మొన్నటి శాసనసభ ఎన్నికలప్పుడు జనగామలో మా వీధి బడికి వెళ్లి వరుసలో నిలబడ్డాను. లోపల వేలికి సిరా పూసే అమ్మాయి సీసా మూత తీయగానే ఘాటైన వాసన ముక్కుకు తగిలింది. ఆ వాసనతో నాకు ఖైరున్నీసా మేడం గుర్తొస్తారు. నేను లెక్కలు చెప్పిన బడికి ఆమె ప్రధానోపాధ్యాయురాలు. లెక్కల టీచరునైన నాకంటే ఆమె ఖచ్చితమైన మనిషి అని ఒప్పుకోవడం నాకు ఇప్పటికీ అంత ఇష్టం ఉండదు, కానీ నిజం అదే. హాజరు పట్టీలో నేను వేసిన కూడికను కూడా ఆమె మరోసారి కూడేవారు. తప్పు దొరక్కపోతే, "బాగున్నది, ఇగ నిద్ర పడ్తది" అని నవ్వేవారు.

ఒకే బడి వాళ్లు ఎన్నికల పనికి ఒకే జట్టులో పడటం అరుదు. చాలా ఏళ్ల కిందట ఒకసారి మేం పడ్డాం. మా నియోజకవర్గంలోనే తరిగొప్పుల వైపు ఒక ఊళ్లో పోలింగ్ కేంద్రం. ఆమె దానికి అధికారి, నేను వేలికి సిరా పూయాలి. అప్పటికింకా కాగితం ఓట్లే. అట్ట చాటుకు వెళ్లి, నచ్చిన గుర్తు మీద ముద్ర వేసి, మడిచి పెట్టెలో వేయాలి. సగం పొద్దు సాఫీగా గడిచింది. అప్పుడు మల్లేశం అనే నడివయసు మనిషి తల్లిని చేయి పట్టుకుని తెచ్చాడు. ఆమె పేరు లచ్చవ్వ. ముఖం మీదికి కొంగు లాక్కుని నేల చూస్తూ నిలబడింది.

"మా అవ్వకు కండ్లు కనవడయి మేడం. ఆమెది నేనే ఏస్త" అన్నాడు మల్లేశం.

చూపు లేనివాళ్లకు తోడు వచ్చినవాళ్లు ఓటు వేయొచ్చు, నియమం ఉంది. అయితే చూపు లేదన్నది నిజమని అధికారికి తోచాలి. గోడవార కూర్చున్న రెండు పార్టీల ఏజెంట్లూ ఆ పూటకు ఒక్కటయ్యారు. "ఎప్పటికీ ఆయననే ఏస్తడు మేడం, మాకేం ఎతిరేకం లేదు" అన్నాడొకడు. "తొందరగ కానియ్యున్రి, బువ్వకు పోవాలె" అన్నాడు ఇంకొకడు. మల్లేశం ఊళ్లో మాట చెల్లే మనిషి. అతను అలిగి పదిమందిని వెంటేసుకుని వస్తే ఓటింగ్ ఆగిపోతుందని నాకు భయం వేసింది. మేడం మాత్రం అతన్ని చూడలేదు. కుర్చీలోంచి లేచి ముసలామె ఎదుటికి వచ్చి నిలబడ్డారు.

"అవ్వా, నా చీర ఏం రంగున్నది?"

లచ్చవ్వ కొడుకు వైపు చూసింది. కొడుకు మేడం వైపు చూశాడు. మేడం ఆగారు. నేనైతే మళ్లీ అడిగేదాన్ని, లేదా జవాబు నేనే అందించేదాన్ని. ఆమె ఊరికే ఆగారు. గదిలో ఎవరో దగ్గారు. అప్పుడు లచ్చవ్వ మెల్లగా కొంగు వెనక్కి జరిపింది.

"ఆకుపచ్చ. అంచు కాడ కుట్టూడింది బిడ్డా, జర చూస్కోరాదు?"

వరుసలో ఉన్న ఆడవాళ్లు పకాలుమన్నారు. "గిది చూపు లేని ముసల్దా! సూదిల దారం ఎక్కిస్తది!" అని వెనుక నుంచి ఒక గొంతు. మల్లేశం ముఖం ఎర్రబడింది. "కండ్లు కనవడ్తె ఏంది? దీనికి గుర్తులు ఎరుకనా?" అన్నాడు.

"ఎరుకనే" అంది లచ్చవ్వ.

"నువ్వు ఓటేసినప్పుడు మీ అవ్వ అట్టెనుకకొచ్చి చూసిందా మల్లేశం?" అని అడిగారు మేడం. గొంతు పెంచలేదు. అతను బయటికి వెళ్లి గడప దగ్గర నిలబడ్డాడు. నేను లచ్చవ్వ వేలికి సిరా పూశాను. అట్ట చాటున ఆమె చాలాసేపు ఉంది. పెట్టెలో కాగితం వేసి వచ్చి, మేడం చెవి దగ్గర చెప్పాననుకుని గదంతా వినేలా చెప్పింది: "ఇన్నేండ్లు గా అట్టెనుక ఏమున్నదో అనుకున్న బిడ్డా. ఏం లేదు. బల్ల, ముద్ర. గంతే!"

ఇంటికి వెళ్లాక ఆ కొడుకు ఆమెను ఏమంటాడోనని నాకు దిగులు పట్టుకుంది. మేడం గడప దాకా వెళ్లారు. "మల్లేశం, ఎండ బాగున్నది. అవ్వను నడిపియ్యకు, సైకిల్ మీద కూసోబెట్టుకో" అన్నారు, తన బడి పిల్లవాడికి చెప్పినట్టు. అతను కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత సైకిల్ వెనుక తువ్వాల మడిచి వేసి, "ఎక్కు, ఇగ నీ రాజ్యమే గదా" అన్నాడు. లచ్చవ్వ ఎక్కి కూర్చుని, "మెల్లగ తొక్కు, నాకు కండ్లు కనవడయి" అంది. అతనికీ నవ్వాగలేదు.

"అబద్ధం చెప్పాడని పైవాళ్లకు తెలపొద్దా మేడం?" అని అడిగాను, నా స్వభావం కొద్దీ.

"ఆమె ఓటు ఆమె ఏసుకున్నది. ఇంకేం గావాలె మనకు?" అన్నారు.

తర్వాత నేనూ ఎన్నో ఎన్నికల పనులకు వెళ్లాను, మొగుళ్లపల్లి దాకా. మేడం పోయి చాలా ఏళ్లయింది. నిన్న మా వదినను కంటి దవాఖానకు తీసుకెళ్లాను. ఆమె నాకంటే పెద్దది, మాట నిదానం. డాక్టరు నా వైపు తిరిగి, "ఆమెకు చూపు ఎలా ఉందమ్మా?" అన్నాడు. ఆమెనే అడగమన్నాను. అడిగాడు. వదిన ఆలోచిస్తోంది. డాక్టరు గోడ గడియారం చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని, వదిన నోరు తెరిచేదాకా ఊరికే కూర్చున్నాను.