గవద బిళ్ళల గొలుసు

మా గల్లీల నా గొలుసుకు వచ్చినంత పేరు నాకు రాలే. పన్నెండేండ్ల సంది మిషన్ కుడుతున్న, సిద్దిపేటల ఎంతమంది ఆడోళ్ళ జాకెట్లు నా చేతుల మీదికెల్లి పోయినయో లెక్కలేదు. గయినా నన్ను "గొలుసామె" అనే అంటరు. ఆ గొలుసు ఇప్పుడు లేదు, పేరు మాత్రం పోలే. ఆ మాట ఇన్నప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కుతది. ఎందుకో చెప్త.

మా తమ్ముడు అప్పుడు డిగ్రీ సదువుతుండె. నాకంటే పదేండ్లు చిన్నోడు, నా సంకల పెరిగినోడు. నాయిన తాళ్ళెక్కి కల్లు గీస్తడు, అవ్వ కూలికి పోతది, నేను వాళ్ళ పక్కింట్లనే కిరాయికుంట. కానిస్టేబుల్ కొలువు కొట్టాలని వాడు రోజు పొద్దుగాల గ్రౌండుల ఉరికేది. వాడు ఉరుకుతుంటే సూడాలె, కాళ్ళు నేల మీద ఆనకపోయేది.

ఒకనాడు కాలేజి నుంచి వచ్చి గొంతు నొస్తుందన్నడు. గొంతు నొప్పికి ఎవలు భయపడతరు? అవ్వ ఉప్పునీళ్ళు పుక్కిలించుమన్నది, మిరియాల పాలు ఇచ్చింది. తెల్లారి పెయ్యి కాలుతుంటే గల్లీ చివర్న ఉండే ఆర్ఎంపీ దగ్గరికి తోలుకపోయిన. ఆయనను మేమంత డాక్టర్ సాబ్ అంటం. ఆయన కుర్చిలకెల్లి లేవలే. నోరు తెరువుమనలే, లైటు కొట్టి గొంతు సూడలే. నడుముకు సూది ఏసి, నాలుగు గోలీలు కాయితంల చుట్టిచ్చిండు. జరం దిగింది. "సూసినవా అక్కా, ఆయన చెయ్యి మంచిది" అని మా తమ్ముడు బండేసుకొని కాలేజికి పోయిండు.

ఆ దిగిన జరమే మమ్మల్ని ఆగం చేసింది. అది దిగకపోతే పెద్ద దవాఖానకు పోతుంటిమి. మూడు రోజులకు మళ్ళొచ్చింది, ఈసారి చలి తోని. బయట ఎండలు మండుతున్నయి, రేకుల ఇల్లు పెనం లెక్క కాలుతుంది, వాడేమో రెండు దుప్పట్లు కప్పుకొని గజగజ వణుకుతుండు. మెడకు ఎడమ దిక్కు వాపొచ్చింది. "గొంతు కంటే మెడనే ఎక్కువ గుంజుతుందక్కా" అన్నడు.

అవ్వ మెడ మీద చెయ్యి పెట్టి సూసి, "గవద బిళ్ళలు బిడ్డా" అన్నది. గంతే. ఆ మాటతోని ఇంట్ల అందరి పానం కుదుటపడ్డది, నాది గూడ. గవద బిళ్ళలకు మా ఇంట్ల రెండే మందులు. సున్నం, పసుపు కలిపి మందంగ పట్టేసుడు, మెడల బంగారం గొలుసు ఏసుడు. బంగారం తాకితే వాపు గుంజుకుంటదని బెజ్జంకిల మా అమ్మమ్మ చెప్పేదట. ఇంట్ల బంగారం అంటే నా పెండ్లికి పెట్టిన గొలుసొక్కటే. నా మెడలకెల్లి తీసి వాని మెడల నేనే ఏసిన. గీ చేతులతోనే. ఎవ్వల్ని తిట్టినా ముందుగాల నన్ను నేను తిట్టుకున్నంకనే తిడుత.

మళ్ళ డాక్టర్ సాబ్ దగ్గరికి పోయినం. ఆయన పసుపును సూసిండు, గొలుసును సూసిండు, మావాన్ని సూడలే. "గవద బిళ్ళలా? వారంల గవే పోతయి" అన్నడు. మేము ఇంటికెల్లి మోసుకపోయిన పేరునే మాకు తిప్పి చెప్పి, ఇంకో సూది ఏసి పంపిండు. ఆయన నోట్ల మన్నువడ! గా పట్టు జర తుడిసి సూస్తే ఆయన సొమ్మేం పోతుండె?

తర్వాత రెండు రోజులకు వాడు నోరు తెరువలేకపోయిండు. పండ్ల నడుమ రెండు వేళ్ళు పట్టే సందు లేదు. అన్నం మింగలేక అంబలి తాగిండు, అంబలి దిగక నీళ్ళకొచ్చిండు. ఉమ్మి గూడ మింగలేక తువ్వాలతోని తుడుసుకుంటుండు. నోట్ల వేడి బువ్వ పెట్టుకున్నోని లెక్క మాట ముద్దముద్దగ వస్తుంది. వాపు రెండు దిక్కుల లేదు, చెంపల కాడ లేదు, ఎడమ దవడ కిందికెల్లి మెడ పొడుగునా దిగుతుంది. మేమేమో పొద్దున లేస్తే పాత పట్టు మీద కొత్త పట్టు ఏసుడే. దాని కింద ఏమైతుందో ఒక్కలం సూడలే. సూడొచ్చినోళ్ళు గూడ ఏమన్నరు? "గొంతు నొప్పికి ఎవడన్న సస్తడా? రాళ్ళు తిన్నా అరిగే వయసు, ఊకో." నేను ఊకున్న. ఎదిగిన పిల్లగాడే గద అని బేఫికర్ గ కూసోని జాకెట్లు కుట్టిన.

తొమ్మిదో రోజు పొద్దున వాడు మంచంల లేసి కూసొని, "అక్కా, దమ్ము తీస్తే పక్కల పొడుస్తుంది" అన్నడు. దగ్గితే తువ్వాల మీద నెత్తురు చారలు. నేను ఆటో పిలిసిన. "అయితారం నాడు దవాఖానల ఎవలుంటరే, రేపు పోదాం" అన్నది అవ్వ. "రేపటి దాక వీడు ఉంటడా అవ్వా?" అని ఒర్రిన. వాని రెక్క పట్టి ఆటోల కూసోబెట్టిన.

దవాఖానల ఉన్న డాక్టరమ్మ నాకంటే చిన్నది. వచ్చుడు వచ్చుడే తడి దూదితోని మెడ మీది పసుపు తుడిసింది. కింద తోలు ఎర్రగైంది, లోపల నరం తాడు లెక్క గట్టివడ్డది. గొలుసు వాపుల దిగబడి అచ్చు పడ్డది. "ఎన్ని రోజులైంది?" అని అడిగింది. "తొమ్మిది" అని చెప్పిన. ఆమె నన్ను తిట్టలే. తిడితే జర మంచిగుంటుండె. గొలుసు తీసి నా చేతుల పెట్టి, అంబులెన్స్ కు ఫోన్ చేసింది.

హైదరాబాద్ల స్కానింగ్ తీసినంక అక్కడి పెద్ద డాక్టర్ చెప్పిండు. గొంతుల పుట్టిన రోగం మెడల పెద్ద నరంలకు దిగిందట. అందుల నెత్తురు గడ్డ కట్టి, ఆ గడ్డకు చీము పట్టి, ముక్కలు ముక్కలై ఊపిరితిత్తులకు పోతున్నదట. "అరుదమ్మా, వస్తే ఎక్కువ ఈ వయసు పిల్లలకే వస్తది" అన్నడు. గొంతు నొప్పి వచ్చి, తగ్గినట్టే తగ్గి చలిజరం తిరగబెట్టి, మెడకు ఒక్క దిక్కు వాపొస్తే ఒక్క పూట గూడ ఆగొద్దట. నోరు తెరువకపోయినా, ఉమ్మి మింగకపోయినా, దమ్ము ఆడకపోయినా ఆగొద్దట. గింతే ముచ్చట! చెత్త బండి రోజు పొద్దున పాటలు ఏసుకుంట మా గల్లీల తిరుగుతది. గీ నాలుగు మాటలు ఆ మైకుల చెప్పనీకె మాత్రం ఎవ్వలకు నోరు రాలే. అరుదట అరుదు. మా ఇంటికి రానే వచ్చె గద.

నెల దాటిందాక సూదుల మందు ఎక్కించిన్రు, పక్కల పైపు ఏసి చీము తీసిన్రు. బతికిండు. కానీ గ్రౌండుకు పోతే సగం చుట్టు ఉరికి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని ఆగిపోతుండు. కొలువు ముచ్చట వాడు మళ్ళ ఎత్తలే, మేం అడగలే.

గిప్పుడు ఇను అసలు ముచ్చట. ఇంటికి రాంగనే అవ్వ గల్లీ అంత చెప్పుకుంట తిరిగింది. "పెద్ద పెద్ద డాక్టర్లకే అంతు దొరకలే, నా బిడ్డ గొలుసు కాపాడింది." ఇగ సూడు, ఎవ్వలకు మెడ కాడ వాచినా గొలుసు కోసం వచ్చుడే. నేను మిషన్ కాడ ఉంటే అవ్వ డబ్బాలకెల్లి తీసి ఇచ్చేది. మూడోసారి ఇచ్చిందని తెలిసిన నాడు, ఆ గొలుసు పట్టుకపోయి ఔసలాయన ముంగట పెట్టి, "కరిగించు, కమ్మలు చెయ్యి" అన్న. లచ్చిమిని కరగబెట్టినవని అవ్వ వారం దినాలు నాతోని మాట్లాడలే. మాట్లాడకుంటే మాయె అన్న.

కమ్మలు పెట్టుకున్న నెలకు ఎదురింటి వదిన వచ్చింది. వేములఘాట్ వాళ్ళు, ఊరు ప్రాజెక్టు నీళ్ళల్ల మునిగినంక గీడికొచ్చిన్రు. బిడ్డ ఇంటర్ సదువుతుంది.

"పిల్లకు గవద బిళ్ళలైనయి, గొలుసియ్యి" అన్నది.

"గిగో" అని చెవులు సూపించిన.

"ఇయ్యనీకె మనసొప్పక కరిగించినవా?" అని మూతి తిప్పింది.

నేను కత్తెర పారేసి వాళ్ళింట్లకు ఉరికిన. పిల్ల గోడ దిక్కు తిరిగి పన్నది, మెడకు పసుపు పట్టు. "నోరు తెరువు బిడ్డా" అన్న. ఒక్క వేలు పట్టేంత గూడ తెరువలే. కొంగు తడిపి పసుపు తుడిసిన. ఒక్క దిక్కే వాపు. "లే, దవాఖానకు పోదాం" అంటే వదిన నా మీదికొచ్చింది. "నీ తమ్మునికొచ్చిందని అందరికొస్తదా? నా బిడ్డకు శాపాలు పెడుతున్నవా?" అన్నది. "పెడుతున్న, ఏం చేస్కుంటవో చేస్కో, ముందుగాల ఆటో ఎక్కు" అన్న. దారి పొడుగునా ఆమె నన్ను తిట్టుడే, నేను ఆమెను తిట్టుడే. ఆటోఆయన బీరిపోయి అద్దంల సూస్తుండు.

దవాఖానల డాక్టర్ లైటు కొట్టి సూసిండు. గొంతు పక్కన చీముగడ్డ. అప్పుడే చీము తీసేస్తమన్నడు, మెడల నరందాక పోలేదని చెప్పిండు. చీటి రాసుకుంట అడిగిండు, "ఎన్ని రోజులైంది?"

"రెండు రోజులు సార్" అన్నది వదిన.

నేను వరండాలకు పోయి గోడకు ఆనుకొని వెక్కి వెక్కి ఏడ్సిన. వదిన వచ్చి నా భుజం మీద చెయ్యేసింది. "నా బిడ్డకేం గాదట, ఊకో" అన్నది. ఆమె బిడ్డ కోసం ఏడుస్తున్న అనుకున్నది. నేను ఏడ్సింది మా తమ్మునికి మేం లేకుండ చేసిన ఏడు రోజుల కోసం.