అడ్వాన్సు

లారీ డ్రైవర్ చలపతి ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో ఉన్న తన ఇంటికి చేరేసరికి నెల దాటింది. జీతం, ట్రిప్పు బత్తా ఠంచనుగా ఇంటికొస్తాయి, మనిషే రాడు. కూతురు రష్మితకి పాలపళ్లు ఊడటం కూడా ఫోన్లోనే చూశాడు.

ఆ మధ్యాహ్నం భార్య త్రిపురసుందరి చేపల పులుసు పెట్టింది. దాబాలో తిన్నట్టే ఒక కన్ను బయట ఆపిన లారీ మీదుంచి, గబగబా తినేశాడు. చెయ్యి కడుక్కుని, చొక్కా జేబు తడుముకుంటూ వంటింట్లోకి కేకేశాడు.

"దాదా, కిత్నా హువా?"

ఇంట్లో బిల్లెంతని అడిగిన నాన్నని చూసి రష్మిత పొలమారేలా నవ్వింది. చలపతి నాలిక కరుచుకున్నాడు. త్రిపురసుందరి మాత్రం నవ్వకుండా, గరిటెతోనే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఈ హోటల్లో ఒక్కపూట భోజనం లేదు మావా. తింటే వారం తినాల. ముందు అడ్వాన్సు కట్టు."

"రేపు నాగపూర్ లోడుంది కదే! బత్తా పోద్ది."

"పోతే పోనీ."

చలపతి ఆమె మొహం చూశాడు, గరిటె చూశాడు. ఓనరుకి ఫోన్ చేసి, ఆ లోడు ఇంకో బండికి వెయ్యమన్నాడు. అవతల ఓనరు అరుస్తుండగానే జేబులోంచి లారీ తాళం తీసి భార్య చేతిలో పెట్టాడు.

"ఇదిగో హోటలు దీదీ, అడ్వాన్సు."

అప్పుడు నవ్వింది త్రిపురసుందరి. తాళాన్ని కొంగున ముడేసుకుంటూ అడిగింది.

"రాత్రికి ఏటి వండమంటావు?"