కళ్ళు మూసుకుని మెట్లెక్కే జైసింగ్

జైసింగ్‌కు తాగుడు లేదు, పేకాట లేదు, ఒకరి జోలికి పోయే గుణమూ లేదు. ఉన్నదల్లా ఒకటే. మెట్లు కనబడితే చాలు, కళ్ళు మూసుకుని ఎక్కుతాడు. ఎవరి మెట్లన్నది ఆయనకు పట్టదు.

పెళ్ళాం బాలి చూస్తుండగానే ఈ పిచ్చి ఈమధ్యే మొదలైంది. ఎల్లారెడ్డిలో వాళ్ళది ఒక్క గది, ఒక వంటమూల. బాలి తల్లి కళమ్మ తండా నుంచి వచ్చి వాళ్ళ దగ్గరే ఉంటోంది. ముగ్గురూ పడుకుంటే, తలుపు తీయడానికి ఒకరు లేచి చాప చుట్టాలి.

"అల్లుని కాళ్ళకాడ ఎన్నొద్దులు పండుకుంట? డాబా మీద రేకుల అర్ర ఏసిస్తే ఉంట. లేకుంటే తొలి చినుకు పడంగనే తండాకు వోత, ఒక్కదాన్నే బతుకుత," అని కళమ్మ తేల్చేసింది. అన్నదంటే చేసే మనిషి. ఆ వయసులో అక్కడ ఒంటరిగా ఎలా ఉంటుందని బాలికి దిగులు పట్టుకుంది.

పైన గది లేచింది. మెట్లే మిగిలాయి. మామూలు సిమెంటు మెట్లు కడితే ఇంట్లో ఇంకేమీ పట్టదు, సంసారం మెట్ల మీదే చేసుకోవాలి. అందుకని తక్కువ జాగాలో ఇమిడే ఇనుప మెట్లు చూసి రమ్మని బాలి మొగుణ్ణి పంపింది. అదే ఆమె చేసిన పొరపాటు.

జైసింగ్‌ది ట్రాలీ ఆటో. కామారెడ్డి నుంచి సిమెంటు బస్తాలు తెస్తుంటాడు. ఇక దారిలో ఎక్కడ మెట్లు కనబడ్డా ఆటో ఆపి, చెప్పులు విడిచి, కళ్ళు మూసుకుని, గోడ తడుముకుంటూ ఎక్కడం మొదలుపెట్టాడు. ఒక బట్టల దుకాణంలో అలా ఎక్కితే, పాపం కళ్ళు తిరిగాయనుకుని కుర్చీ వేసి సోడా పట్టించారు. సోడా ఆసాంతం తాగి, "మూడో మెట్టు జర పొట్టిగున్నది, మీ సేటుకు చెప్పుండ్రి," అని దిగొచ్చాడు.

సదాశివనగర్‌లో ఇంకా ఘోరం. ఎవరింట్లోనో పెళ్ళిచూపులు. మెట్ల చివర కళ్ళు తెరిచేసరికి ఎదురుగా మిక్చరు, మైసూర్‌పాకు. పిల్లవాడి తరఫు పెద్దమనిషి అనుకుని కూర్చోబెట్టారు. కాదని చెబుదామంటే ఆయన నోరు ఖాళీగా లేదు.

"పిల్ల ఎట్లున్నది మరి?" అంది బాలి ఉడికిపోతూ.

"చూడలే. మెట్లే చూసిన. రేలింగు ఊగుతున్నది."

కామారెడ్డిలో వెల్డింగు దుకాణం నడిపే ఫిరోజ్ కొలతలకు వచ్చాడు. ముందు గుండ్రంగా తిరిగే మెట్ల ఫోటో చూపించాడు. "మూలకు వడ్తయన్నా. జాగ తినయ్."

"లోపటిదిక్కు మెట్టు సన్నగయితది. కాలు ఆనదు. వద్దు."

ఒక మెట్టు ఎడమ కాలికి, ఒక మెట్టు కుడి కాలికి అన్నట్టు సగం సగం కోసిన కొత్త రకం చూపించాడు.

"ఏ కాలు యాడ వెట్టాల్నో యాది పెట్టుకునుడు కష్టం. వద్దు."

మడత నిచ్చెన చూపించాడు. దానికి జైసింగ్ కళ్ళు మూయను కూడా మూయలేదు.

"అన్నా, కండ్లు తెరిచి ఎక్కెటోళ్ళకు గివన్ని మంచిగనే ఉంటయ్!"

"నేను మూసుకొనే ఎక్కుత," అన్నాడు జైసింగ్.

మబ్బులు కమ్ముకున్నాయి. కళమ్మ బట్టల మూట కట్టి తలుపు దగ్గర పెట్టుకుంది. బాలికి ఏడుపు ఆగలేదు. "నా యాడిని, కన్నతల్లిని, ఎల్లగొట్టేతందుకేనా గీ నాటకం? ఆమె నీకు బరువా?" అని అడిగేసింది. జైసింగ్ ఆటో తీశాడు.

చినుకు కంటే ముందు మెట్లు వచ్చాయి. గోడ వారగా సన్నగా ఎక్కే ఇనుప మెట్లు, కింద బియ్యం డబ్బాలకు అరలు. అన్ని మెట్లదీ ఒకటే ఎత్తు. రేలింగుకు మొదట్లో ఒకటి, చివర ఒకటి లావుపాటి నట్లు అతికించి ఉన్నాయి.

"పుండ్ల లెక్క ఉన్నయ్. నా దుకాణం పేరు ఖరాబయితది," అని ఫిరోజ్ మొత్తుకున్నాడు.

"అందానికి," అన్నాడు జైసింగ్.

కళమ్మ ఎక్కడానికి లేచింది. కాలి కంటే ముందు ఆమె చెయ్యి గాలిలో వెతికింది. నట్టు తగిలింది. అది పట్టుకుని గోడవైపే చూస్తూ నిదానంగా ఎక్కింది. పైన రెండో నట్టు తగలగానే, ఇంకో మెట్టు కోసం వెతక్కుండా గదిలోకి అడుగుపెట్టింది. బాలి మొగుడి చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"నా యాడికి కండ్లు కనవడ్తలెవ్వా?"

"మెల్లగ," అన్నాడు జైసింగ్. "ఆమె చెప్పలే, నేను అడగలే. అడిగితే సిగ్గువడి తండాకు వోతది. దవాఖానకు జర నిదానంగ ఒప్పిస్త. ముందుగాల కింద పడకుంట ఉండాలె."

"నాకన్న చెప్పొద్దా?"

"నీ నోట్ల ఆగుతదా?"

ఆగదు. బాలికి ఆ సంగతి తెలుసు. మొగుడి మీద అంత ప్రేమ పుట్టుకొచ్చి, ఏం చేయాలో తోచక ఫిరోజ్‌కు రెండోసారి చాయ్ పోసింది.

పై నుంచి కళమ్మ గొంతు వినబడింది. "ఓ బాలీ! గాలి మంచిగొస్తున్నదే. తండల ఉన్న నా సందుగ తెప్పియ్యి!"

ఆ పెట్టె తండా దాటిందంటే ఆమె ఇక ఉండిపోయినట్టే. సాయంత్రానికల్లా జైసింగ్ దాన్ని ఆటోలో తెచ్చాడు. తెచ్చాక తెలిసింది, సందుగ ఆ సన్న మెట్ల మీద పట్టదని. తాళ్ళు కట్టి వీధిలోంచే డాబా మీదికి లాగాల్సి వచ్చింది. కింద ఫిరోజ్, పైన జైసింగ్, పిట్టగోడ దగ్గర నిలబడి అజమాయిషీ చేస్తూ కళమ్మ.

"ఎడమకు, అల్లుడా! ఇంక జర ఎడమకు!"

ఎడమవైపు పిట్టగోడ మూల ఉంది. జైసింగ్ ఒకసారి కింద వీధిలో నిలబడ్డ బాలి వైపు చూసి, అత్త చెప్పినట్టే ఎడమకు లాగాడు. గోడ పెచ్చు ఊడి కిందపడింది.

"చూసినవా, నేను లేకుంటే మీకు ఏదన్న చాతనయితదా?" అంది కళమ్మ.

"చాతకాదత్తా," అన్నాడు జైసింగ్.