చుక్క లేని ప్రశ్న

పార్లమెంటులో ఒకసారి నేను విదేశాంగ మంత్రిని నిలదీశాను. సభంతా నిశ్శబ్దమైపోయింది. మంత్రిగారు లేచి, కాగితాలు తిరగేసి, నుదురు తుడుచుకున్నారు. కాకినాడలో మా వీధి వాళ్ళకి ఈ సంగతి చాలాసార్లు చెప్పాను.

నిజానికి మంత్రిగారు లేవలేదు. సభలో నోటితో జవాబు చెప్పాల్సిన ప్రశ్నకి నక్షత్రం లాంటి చుక్క గుర్తు పెడతారు. నాది చుక్క లేని ప్రశ్న. అలాంటి వాటికి జవాబు కాగితం మీద రాసి సభ ముందు పెడతారు, అంతే. అడిగింది కూడా నేను కాదు, మా ఎంపీగారు. నేను ఢిల్లీ చూడలేదు. ఢిల్లీ వెళ్ళే రైలు సామర్లకోటలో ఎక్కిన మాట మాత్రం వాస్తవం. విజయవాడలో దిగిపోయాను.

ఆ ప్రశ్నకి అసలు కారణం మా ఇంటికి చేపలు తెచ్చే ఆవిడ. ఆవిడ భర్త వేటకి వెళ్ళిన బోటు ఇంజను చెడి, గాలికి కొట్టుకుపోయి మళ్ళీ కనిపించలేదు. పక్క దేశం వాళ్ళు మన బోట్లు కొన్ని పట్టుకుని, మనుషుల్ని జైల్లో పెట్టారని కబురొచ్చింది. ఒక బోటు మునిగిపోయిందని కూడా అన్నారు. ఎవరిది పట్టుకున్నారో, ఎవరిది మునిగిందో చెప్పేవాళ్ళు లేరు. ఆవిడ తిరిగిన ప్రతి ఆఫీసులోనూ ఢిల్లీ నుంచి రావాలన్నారు.

ఎంపీగారి సెక్రటరీ ఒకప్పుడు నా దగ్గర ఇంగ్లీషు చదువుకున్నవాడు. ఆ ముక్క పట్టుకుని, "నేను చెబితే ఎంపీగారు కాదనరు" అన్నాను ఆవిడతో. ఎంపీగారికి నా పేరు కూడా తెలియదు.

"పట్టుకున్నోళ్ళ పేర్లేంటో చెప్పమనండి మేష్టారూ. అందులో మా ఆయన పేరుంటే చాలండి" అంది.

రెండు రోజులు కూర్చుని రాశాను. ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లలకి ఇంగ్లీషు చెప్పినవాడిని, మంత్రికి రాసే అవకాశం మళ్ళీ వస్తుందా? ఇరుగుపొరుగు దేశాలతో మన సంబంధాలు ఎలా ఉన్నాయి? సముద్ర సరిహద్దుపై చర్చలు ఎంతవరకు వచ్చాయి? మత్స్యకారుల రక్షణకు దీర్ఘకాలిక విధానం ఏమిటి? చివర్లో, మా బావమరిది పనిచేసిన స్పిన్నింగ్ మిల్లు ఎందుకు మూతపడిందో కూడా అడిగాను.

సెక్రటరీ ఫోన్ చేశాడు. "సర్, విదేశాంగ మంత్రిగారికి మన మిల్లు ఎందుకండీ? అది పరిశ్రమల శాఖండి. అది తీసేసినా మాటలు ఎక్కువయ్యాయి. ఇంకో ముక్క తగ్గించాలి."

తగ్గించాను. పేర్లు అడిగిన వాక్యం తీసేశాను. సెక్రటరీయే కొట్టేశాడని తరవాత అందరికీ చెప్పాను గానీ, కొట్టేసింది నేనే. అంత గంభీరమైన ప్రశ్నలో అదొక్కటీ రేషన్ కౌంటరు దగ్గర అడిగే మాటలా కనిపించింది.

కొన్ని వారాలకి సెక్రటరీ ఆ జవాబు కాగితాన్ని నా ఫోనుకి పంపాడు. గేటు దగ్గర నిలబడి ఆవిడకి తెలుగులో చదివి వినిపించాను. ప్రభుత్వం పరిస్థితిని నిశితంగా గమనిస్తోంది. పొరుగు దేశంతో నిరంతరం సంప్రదిస్తోంది. ఇంకా ఒక పేజీ ఉంది. ఆవిడ బుట్ట కింద పెట్టి చివరిదాకా వింది.

"మా ఆయన పేరేదండీ?"

"పేర్లు అడగలేదమ్మా."

"మరేం అడిగారండీ?"

"దేశాల మధ్య సంబంధాల గురించి..."

"ఆ సంబంధాలు నాకెందుకండీ?"

లోపలి నుంచి మా ఆవిడ గిన్నె పట్టుకుని వచ్చింది. "వంకాయలు తెమ్మంటే వంకాయ పుట్టుక చెప్పే మనిషి. ఆయన్ని నమ్ముకున్నావేంటమ్మా" అంది. చేపలావిడ నవ్వలేదు. కానాగంత చేపలు తూచి ఇచ్చి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నమే సెక్రటరీకి ఇంకో ప్రశ్న పంపాను. పట్టుబడిన మన జిల్లా మత్స్యకారుల పేర్లు, ఊళ్ళు ఏమిటి? ఒకే వాక్యం. దాన్ని రాయడానికి రెండు నిమిషాలు పట్టింది. అయితే ఏ ప్రశ్నలు తీసుకోవాలో అక్కడ లాటరీ వేసి తేలుస్తారట. మొదటిసారి మాది రాలేదు. ఇంకోసారి ఇచ్చి మళ్ళీ ఎదురుచూశాం. ఆ రోజుల్లో ఆవిడ ఎప్పటిలాగే వచ్చేది. ఆ సంగతి ఎత్తేది కాదు. నేను చెప్పిన ధరకి బేరమాడకుండా ఇచ్చేసేది. నా సర్వీసులో హెడ్మాస్టర్లు ఎంతమందో తిట్టారు గానీ, ఏ తిట్టూ ఇంత ఇబ్బంది పెట్టలేదు.

రెండోసారి వచ్చిన జవాబు రెండు వాక్యాలు. కింద పట్టిక జతపరిచారు. అతని పేరు పదకొండోది.

"మళ్ళీ చదవండి" అంది. చదివాను. ఊరి పేరు కూడా చదవమంది. చదివాను.

"ఇప్పుడు అందరివీ చదవండి మేష్టారూ, నిదానంగా."

మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఒక్కో పేరుకీ ఒక్కో వేలు మడిచింది. వేళ్ళు అయిపోతే మళ్ళీ మొదలుపెట్టింది. తరవాత అన్నీ వరసగా నాకు అప్పజెప్పింది. ఒక్కటి తప్పిపోతే నేను అందించాను. ఆ పేర్లవాళ్ళ ఇళ్ళన్నీ తమ పేటలోనే ఉన్నాయని చెప్పి, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయింది.

అతను ఇంటికి రావడానికి ఇంకా చాలా నెలలు పట్టింది. అందులో నా చెయ్యి ఏమీ లేదు. రెండు ప్రభుత్వాలు మాట్లాడుకుంటే వచ్చాడు. మా వీధిలో మాత్రం నేనే విడిపించానని చెప్పుకున్నాను. ఇప్పుడు చెప్పడం లేదు.

పేర్లు చదివిన ఆ రోజు ఆవిడ బుట్ట మా గేటు దగ్గరే ఉండిపోయింది. ఎండ ఎక్కుతుంటే మా ఆవిడా నేనూ చెరోవైపు పట్టుకుని నీడలోకి లాగి, తడిగోనె కప్పాం. పిల్లులు రాకుండా కర్ర పట్టుకుని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం దాటినా ఆవిడ రాలేదు. ఆవిడ లేకుండా బుట్టలోంచి చేపలు తీయడం ఇష్టం లేక, ఆ పూట మేం పప్పుచారుతో తిన్నాం.